సెకనులో ఐదో వంతు

ఆ వేసవంతా మా ఇంట్లో వినిపించిన సంగీతం ఒకటే. టకటక, టకటక. కీబోర్డు మీటలు ప్లాస్టిక్కువి కాబట్టి నొక్కితే ఆ చప్పుడు వస్తుంది, అసలు పాటేమో మా పిన్ని చెవుల్లో తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఆ ఏర్పాటు చేసింది నేనే. చేసినందుకు ఎంత మురిసిపోయానో, తర్వాత సిగ్గుతో ఎంత చచ్చిపోయానో, ఆఖరికి ఏమైందో, ఒక్క ముక్క మరిచిపోకముందే రాసేయాలి.

పిన్ని పదకొండేళ్ళు ఒక హోటల్ లాంజ్‌లో కీబోర్డు వాయించింది. అంతకుముందు చలికాలం మెట్లమీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేలోపు హోటల్ వాళ్ళు ఆమె చోట్లో పాటలు వాటంతటవే మోగే మిషను తెచ్చి పెట్టుకున్నారు. దాంతో ఒక సూట్‌కేసు, ఒక కీబోర్డు పట్టుకుని మా రెండు గదుల ఫ్లాట్‌కి వచ్చేసింది. వచ్చిన వారానికి పేపర్లో ప్రకటన కనిపించింది. ఇండోర్ స్టేడియంలో వాలీబాల్ సీజనంతా పాయింటుకీ పాయింటుకీ మధ్య జనాన్ని హుషారెక్కించడానికి కీబోర్డు వాయించేవాళ్ళు కావాలట. ఎంపిక ఏడు వారాల తర్వాత.

"ఇది గనక రాకపోతే నన్ను మీ క్లినిక్‌లో పెట్టించెయ్యక్కా" అంది పిన్ని. అమ్మ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. "వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ కూర్చుంటా. కీబోర్డు కావాలని ఒకళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఇచ్చేస్తా."

"ఎముక అతికిందని డాక్టరు చెప్పాడుగా. ఇంకా ఏమిటా మాటలు?"

"ఎముక సంగతి డాక్టరుకి తెలుస్తుంది. చెయ్యి సంగతి వాయిస్తే తెలుస్తుంది."

వాయిద్దామంటే గోడకి అవతల రైలంకుల్ ఉన్నాడు. ఆయన రాత్రిళ్ళు గూడ్సుబండి నడిపి పగలు పడుకుంటాడు. మొదటిరోజు పిన్ని పది నిమిషాలు వాయించిందో లేదో, దిండు చంకలో పెట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు సగమే తెరిచి ఉన్నాయి.

"చాలా బాగా వాయిస్తున్నారు మేడమ్" అన్నాడు. "అదే ఇబ్బంది. బాగోలేకపోతే నిద్రపట్టేది."

పిన్ని దగ్గరున్న వైరు హెడ్‌ఫోన్లు సూట్‌కేసులో నలిగిపోయి ఒక చెవిలోనే పలుకుతున్నాయి. కొత్తవి కొనుక్కొస్తానని చెప్పులేసుకుంటుంటే ఆపింది నేనే. నేను ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం. ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు నేను విప్పుతాను, తర్వాత మెకానిక్కు వస్తాడు.

"ఈ రోజుల్లో వైరేంటి పిన్నీ. నువ్వు వాయించేటప్పుడు అటూ ఇటూ ఊగుతావు. వైరుంటే మెడకి చుట్టుకుంటుంది. నా హెడ్‌ఫోన్లున్నాయి, చిన్న పెట్టె ఒకటి కొనుక్కొస్తే చాలు."

పెట్టె అంటే బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్. అగ్గిపెట్టెంత ఉంటుంది. కీబోర్డుకి హెడ్‌ఫోన్లు గుచ్చే చోట దీన్ని గుచ్చితే, కీబోర్డు పలికేదంతా గాల్లోకి పంపిస్తుంది, హెడ్‌ఫోన్లు అందుకుంటాయి. కీబోర్డు పాతది కాబట్టి దాని లావు కన్నానికి సరిపడే పిన్ను ఒకటి అదనంగా తెచ్చాను. పక్కన బుల్లి మీట ఉంది, ఒకవైపు తోస్తే పంపడం, ఇంకోవైపు తోస్తే అందుకోవడం. నేను ఇరవై నిమిషాలు అందుకోవడం వైపు పెట్టి కుస్తీ పట్టానని ఎవరికీ చెప్పలేదు. మీట ఇటు తోయగానే నీలం దీపం మినుకుమినుకుమని, తర్వాత నిలకడగా వెలిగింది.

"కలిసింది. వాయించు పిన్నీ."

పిన్ని వాయించింది. "ఏం వినబడట్లేదే."

"సౌండ్ పెంచు."

పెంచింది. ఇంకా పెంచింది. ఆఖరికి మొత్తం పెంచేసి, పది వేళ్ళూ ఒక్కసారి మీటల మీద పెట్టి ఒక మార్చింగ్ పాట అందుకుంది. ఏమీ లేదు. నేను హెడ్‌ఫోన్లు తీసి దులిపి చూస్తున్నాను. తలుపు తట్టిన చప్పుడైంది.

రైలంకుల్. చంకలో దిండు, అరచేతిలో రెండు చిన్న ఇయర్‌బడ్స్.

"మొన్న గోడలోంచి వచ్చింది మేడమ్" అన్నాడు మెల్లగా. "ఇవాళ నేరుగా చెవిలోకే వచ్చింది."

పాపం ఆయన వాన చప్పుడు పెట్టుకుని పడుకుంటాడట. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది, చెవిలోవి దిక్కులేక ఖాళీగా ఉన్నాయి, నా పెట్టె దగ్గర్లో ఖాళీగా ఏది దొరికితే దాన్ని పట్టేసుకుంది.

"మా ఇంజినీరమ్మగారి పని" అంది అమ్మ. "ఇకమీదట మీరు పడుకోవాలంటే కిటికీలోంచి దూకాలి, ఇంకో దారి లేదు."

రెండోసారి ఆయన్ని బడ్స్ డబ్బాలో పెట్టి మూత వేయమని చెప్పి, మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నా హెడ్‌ఫోన్లే కలిశాయి. ముందు నేనే పెట్టుకుని చూశాను. ఆ కీబోర్డులో కంపెనీ వాళ్ళు పెట్టిన పాటలు పన్నెండున్నాయి, బటన్ నొక్కితే అవే మోగుతాయి. పన్నెండూ విన్నాను. ఒక్క గరగర లేదు, ఎక్కడా తెగలేదు, వంటింట్లోకి వెళ్ళి నిలబడినా నీళ్ళలా వస్తోంది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. మీట మాత్రం ఒక్కటి కూడా నొక్కి చూడలేదు. వాయించడం రానివాళ్ళు దాన్ని ముట్టుకుంటే పిన్నికి ఒళ్ళుమంట.

"ఇక నీ ఇష్టం పిన్నీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాయించుకో" అన్నాను.

మూడోరోజుకే ఏదో తేడాగా ఉందని తెలిసింది. టకటకలు గబగబా మొదలై, పోనుపోనూ బద్ధకంగా మారి, ఆఖరికి ఒక్కో టక్కుకీ మధ్య మనిషి మంచినీళ్ళు తాగి రావచ్చు అన్నట్టయ్యేవి. పిన్ని ఆపేసేది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసేది.

"వేలు వేస్తున్నాననే అనుకుంటున్నానే" అంది నాతో. "స్వరం తర్వాతెప్పుడో వస్తోంది. అంటే నేను వేశాననుకున్నప్పుడు వెయ్యట్లేదన్నమాట. చెయ్యి నా మాట వినట్లేదు."

ఫిజియోథెరపీ ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, అంతా బాగుంది, అనుమానం వద్దు అన్నాడు. పిన్నికి అనుమానం ఇంకా పెరిగింది. రబ్బరు బంతి కొనుక్కుని టీవీ చూస్తూ పిసికేది, అన్నం తిని పిసికేది, వేడినీళ్ళలో చెయ్యి ముంచి కూర్చునేది. రెండోవారం ఒకరోజు మరీ విచిత్రమైన మాట చెప్పింది.

"ఎడం చెయ్యి కూడా లేటవుతోందక్కా."

"దానికేమైంది? అది విరగలేదుగా" అంది అమ్మ.

"అదే నాకూ అర్థంకాట్లేదు."

"కుడిదాన్ని చూసి అదీ చెడిపోయుంటుంది. మా క్లినిక్‌లో ఒకమ్మాయి లీవు పెడితే రెండో అమ్మాయి కూడా పెట్టినట్టు."

నేను నవ్వాను కూడా. ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతున్న మనిషిని, ఎడం చెయ్యి కూడా లేటవుతోందని చెప్తే నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మూడోవారం పిన్ని ఏడవడం మానేసి మొండికెత్తింది. చెవిని నమ్మడం మానేస్తానంది. స్టూల్ మీద కూర్చుని ఎడమ కాలి మడమతో నేలమీద లెక్క కొట్టడం మొదలుపెట్టింది. దబ్, దబ్, దబ్, దబ్. "స్వరం ఎప్పుడొస్తే అప్పుడు రానీ. దానికోసం నేను ఆగను. మడమ పడ్డప్పుడు వేలు పడాలి, అంతే" అని తనకి తనే చెప్పుకునేది. కిందింటివాళ్ళకి చప్పుడు పోకుండా మడమ కింద మడతపెట్టిన తువ్వాలు వేశాం. టకటకలు నెమ్మదిగా దార్లోకొచ్చాయి. నాలుగోవారానికి గడియారంలా పడుతున్నాయి, నా చెవికి అద్భుతంగా ఉన్నాయి.

"కుదిరిందిగా పిన్నీ?"

"నీకేం తెలుస్తుందే. నాకు వినిపిస్తున్నది వేరు. లోపలంతా కొట్టుకుపోతోంది, నేను పట్టించుకోకుండా వాయిస్తున్నానంతే." మొహం రాయిలా పెట్టుకుని అంది. "ఎదురుగా మనిషి కూర్చుని వింటే తెలిసిపోతుంది. మీ అక్కకి చెప్పి క్లినిక్‌లో అడగమను" అని, తర్వాత తనే నవ్వింది. "మీ అమ్మకి. చూడు, మాట కూడా తడబడుతోంది."

ఐదోవారం ఆదివారం మధ్యాహ్నం పిన్ని స్నానానికి వెళ్తూ కీబోర్డు మీద దుమ్ము తుడవమంది. ఏదైనా విందామని హెడ్‌ఫోన్లు ఒక చెవికే తగిలించుకుని, కంపెనీ పాట కోసం బటన్ వెతుకుతూ, రెండో చేత్తో గుడ్డ వేసి తుడుస్తున్నాను. గుడ్డ కింద ఒక మీట దిగింది.

ఖాళీగా ఉన్న చెవిలో టక్ అంది. హెడ్‌ఫోన్ ఉన్న చెవిలో స్వరం ఆ తర్వాత వచ్చింది.

మళ్ళీ నొక్కాను. టక్. చిన్న ఖాళీ. స్వరం. మళ్ళీ. పది సార్లు నొక్కి ఉంటాను. అప్పుడు తట్టింది. ఆ పెట్టె శబ్దాన్ని చిన్న చిన్న మూటలు కట్టి పంపుతుంది, హెడ్‌ఫోన్లు ఆ మూటలు విప్పుతాయి, కట్టడానికీ విప్పడానికీ దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. పాటలు వినేటప్పుడు ఎవరికీ తెలీదు, మొత్తం పాట అంతే వెనక్కి జరుగుతుంది. సినిమా చూసేటప్పుడు ఫోనే బొమ్మని కాస్త ఆపి సర్దేస్తుంది. మనిషి వేలిని ఎవరు ఆపుతారు? ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. మార్కులు కూడా వచ్చాయి.

పిన్ని తల తుడుచుకుంటూ వచ్చింది. అమ్మ బట్టలు మడతపెడుతోంది. చెప్పకుండా వైరు హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చి, ఇవైతే ఇంకా బాగుంటాయిలే అని ఇచ్చేస్తే సరిపోతుందని ఒక్క నిమిషం అనుకున్నాను. అబద్ధమెందుకు, రెండు నిమిషాలు అనుకున్నాను.

"పిన్నీ, లేటు నీ చేతులది కాదు."

"మరి?"

"ఆ పెట్టెది. నేను పెట్టిందే. మొదట్నుంచీ అదే లేటు. నువ్వు సరిగ్గానే వాయిస్తున్నావు."

పిన్ని తువ్వాలు కుర్చీ మీద వేసింది. మెల్లగా వచ్చి కూర్చుని, పెట్టె పిన్ను పీకేసింది. కీబోర్డు సౌండు సగానికి తిప్పి వాయించడం మొదలుపెట్టింది. నేను ఎన్నో యేళ్ళ క్రితం హోటల్‌కి వెళ్ళినప్పుడు విన్న పాటే, కాకపోతే అప్పటికంటే గట్టిగా, ఒక్క అంగుళం అటూ ఇటూ కాకుండా, నేలలో పాతినట్టు. అమ్మ చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగిపోయింది. పాట మధ్యలో రైలంకుల్ రానే వచ్చాడు. నోరు తెరిచాడు, అమ్మ వేలు చూపించగానే మూసుకున్నాడు. దిండు నేలమీద వేసుకుని గుమ్మంలోనే దాని మీద కూర్చున్నాడు.

అయ్యాక పిన్ని నావైపు తిరిగింది.

"ఎన్ని వారాలైంది?"

"ఐదు."

"ఐదు వారాలు నా చెయ్యి చచ్చిపోయిందనుకున్నాను."

ఆమె లేచి వచ్చి నా చెవి పట్టుకుని మెలేసింది, బాగా, నిజంగానే నొప్పెట్టేలా. కుడి చేత్తోనే మెలేసింది. తర్వాత అదే చేత్తో నా తల దగ్గరికి లాక్కుంది.

"పట్టు బాగానే ఉంది" అంది అమ్మ. "డాక్టరు అబద్ధం చెప్పలేదు."

మర్నాడే వైరు హెడ్‌ఫోన్లు వచ్చాయి. పెట్టెని అమ్మ టీవీకి పెట్టించుకుంది. మా టీవీ పాతది, మాట పెదాల కంటే వెనక వస్తుందమ్మా అని చెబితే, "రానీ. సీరియల్లో వాళ్ళేమంటారో నాకు ముందే తెలుసు" అంది.

ఎంపిక రోజు స్టేడియంకి నేను కూడా వెళ్ళాను, సంచి మోయడానికి. లోపల అడుగుపెడితే కళ్ళు తిరిగాయి. అంత ఖాళీని నేనెప్పుడూ ఒకే కప్పు కింద చూడలేదు. ఆరుగురు వచ్చారు. కోర్టులో హుషారు డ్యాన్సు చేసే అమ్మాయిలు ఎనిమిదిమంది, మెళ్ళో విజిల్‌తో వాళ్ళ కోచ్. వాయించేవాళ్ళు ఇచ్చిన పాటని ఇచ్చిన వేగంలో వాయించాలి, వీళ్ళు దానికి అడుగులు వేస్తారు. కీబోర్డేమో ఒక చివర, పైకప్పు దగ్గర, చిన్న బాల్కనీలో ఉంది.

మొదట లెదర్ జాకెట్టు కుర్రాడు ఎక్కాడు. వేళ్ళు చూస్తే చాలు, మెరుపులే. పాట హుషారుగా మొదలైంది. నాలుగు వరసలయ్యేసరికి బరువెక్కింది. ఎనిమిదికి ఈడుస్తోంది. కింద అమ్మాయిలు కాలు పైకెత్తి, దించడానికి తాళం కోసం అలాగే ఎదురుచూస్తున్నారు. ఒకమ్మాయి పక్కమ్మాయి భుజం పట్టుకుంది. కోచ్ విజిల్ ఊదింది.

"కంగారు పడ్డాడు" అన్నాడు స్టేడియం మేనేజరు.

రెండో ఆవిడ కూడా అంతే. మూడో ఆయన ఇంకా ఘోరం, సగంలో ఆపేసి మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపేశాడు. ఇంతమందికీ ఒకేలా కంగారేంటని నేను బుర్ర గోక్కుంటుంటే, పిన్ని ముందుకి వంగి కూర్చుని వింటోంది. నాలుగు, ఐదు కూడా అయ్యాక మమ్మల్ని పిలిచారు.

మెట్లెక్కి బాల్కనీలోకి వెళ్ళాం. సౌండాయన వైర్లు చూపించాడు. "స్పీకర్లు అదిగో మేడమ్, ఎదర, స్కోర్‌బోర్డు పైన. మీ దగ్గర చిన్న స్పీకర్ ఒకటుండాలి, పాడైంది. సర్దుకోండి."

పిన్ని ఒక్క మీట నొక్కి చూసింది. వేలు దిగింది. డెబ్భై మీటర్ల అవతల్నుంచి, కాస్త ఆగి, స్వరం వచ్చింది.

శబ్దం అంత దూరం రావడానికి పట్టేది కూడా సెకనులో ఐదో వంతే. "పిన్నీ, ఇది..."

"ఆఁ, అదే" అంది. "కొంచెం అటు జరుగు, కాలికి అడ్డొస్తున్నావు."

వాయించింది. మధ్యలో నేను ఆమె వేళ్ళు చూస్తే ఒక పాట, చెవులకి ఇంకో పాట. నాకే కళ్ళు తిరిగి రెయిలింగు పట్టుకున్నాను. ఆమె మాత్రం ఎదుటి గోడకేసి కూడా చూడలేదు. మడమ పడుతోంది, వేలు పడుతోంది, స్వరం దాని దారిన అది వస్తోంది. కింద ఎనిమిదిమంది కాళ్ళూ ఒకటే కాలు. మొదటిసారి పాట చివరిదాకా వెళ్ళింది. కోచ్ నోట్లో పెట్టుకున్న విజిల్ తీసి జేబులో వేసుకుంది.

"ఇంకోసారి, కొంచెం స్పీడుగా" అని కిందనుంచి అరిచింది, కోపంతో కాదు. అమ్మాయిలకి సరదాగా ఉందని.

ఇంకోసారి కాదు, మూడుసార్లు వాయించింది.

దిగాక మేనేజరు ఎదురొచ్చాడు. "ఇంతకుముందు ఏయే స్టేడియంలలో చేశారు మేడమ్?"

"మా అక్క వాళ్ళింట్లో, వెనక గదిలో."

ఆయన జోకనుకుని నవ్వాడు. సీజనంతా మీరేనని అక్కడే చెప్పాడు. "ఆ చిన్న స్పీకర్ కూడా బాగుచేయించేస్తాం."

"తొందరేం లేదు" అంది పిన్ని.

బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద ఇద్దరం పది అడుగులు మామూలుగా నడిచాం. పదకొండో అడుగులో ఆమె నా చేతిలో సంచి లాక్కుని గాల్లోకి విసిరింది. పాటల కాగితాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఇద్దరం ఏరుకుంటూ పిచ్చివాళ్ళలా నవ్వుకుంటుంటే బస్సు స్టాపులో జనం చూశారు.

మొదటి మ్యాచ్ వానలు మొదలైన వారంలో జరిగింది. అమ్మ క్లినిక్‌కి సెలవు పెట్టింది. తొమ్మిదివేలమంది. మేం పిన్ని బాల్కనీ కింద వరసలో కూర్చున్నాం. మా జట్టు రెండు సెట్లు గెలిచి రెండు ఓడింది, ఐదోదాంట్లో ఐదు పాయింట్లు వెనకబడింది. జనం చప్పబడిపోయారు. కొంతమంది గొడుగులు వెతుక్కుంటున్నారు.

అప్పుడు పైనుంచి పాట దిగింది. చాలా చిన్న పాట, నాలుగు దెబ్బలు, మళ్ళీ నాలుగు దెబ్బలు. మా వైపు వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. అటు చివరివాళ్ళు కూడా మొదలుపెట్టారు, కానీ అంత దూరంలో ఒకళ్ళ చప్పట్లు ఇంకొకళ్ళ దగ్గరికి చేరేసరికి అంతా గజిబిజి. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తెలీక తడబడుతున్నారు. పిన్ని వాళ్ళకోసం నెమ్మదించలేదు, తొందరపడలేదు. అదే నాలుగు దెబ్బలు, అదే చోట. ముందు మా వరస కుదురుకుంది, తర్వాత పక్క వరస, తర్వాత మూల తిరిగి అటువైపు. ఇదంతా నా కళ్ళముందే జరిగింది.

మా జట్టు ఒక పాయింటు కొట్టింది. ఇంకోటి కొట్టింది. మూడోది పడ్డాక నేను వెనక్కి తిరిగి పైకి చూశాను. పిన్ని మీటల మీదనుంచి రెండు చేతులూ పైకి తీసేసింది. అలాగే గాల్లో పట్టుకుని నిలబడింది. పాట లేదు. తొమ్మిదివేలమంది చప్పట్లు మాత్రం ఒక్కటిగా, ఒక్క మనిషి కొట్టినట్టు పడుతూనే ఉన్నాయి. నాలుగు లెక్కపెట్టింది, ఎనిమిది లెక్కపెట్టింది. వాళ్ళు ఆగలేదు. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

పదహారో దెబ్బకి పిన్ని రెండు చేతులూ మీటల మీదికి దించింది.